రచ్చబండ మీది అంతర్జాలము



1938 జూన్ 16వ తేదీన మదరాసులో రేడియో కేంద్రము వెలసినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినది. ఆ దినములలో ఊరికంతకు ఒకటే రేడియో పెట్టె యుండెడిదనియు, సాయంకాలమైనంతనే పంచాయతీ చావడియొద్ద జనము గుమిగూడెడివారనియు మా పెద్దలు చెప్పుచుండెడివారు. తంతి లేకుండ మాట వచ్చుటయే అప్పటి వింత. ఆ పెట్టె మాటలాడును, మనము వినుదుము. మనమేమి పలికినను అది వినదు. దాని ముందర కూర్చుండి ఇంటి గుట్టంతయు చెప్పుకొన్నను మదరాసువారికి తెలియదు.

నేడు మన యెదుట మరియొక నిస్తంత్రి నిలిచియున్నది. దానికే వై-ఫై అని పేరు. ఇదియు రేడియో తరంగములతోనే పనిచేయును. కాని ఇది మాటలాడుటయే గాక వినును గూడ. మనము ఫోనులో నొక్కిన ప్రతి అక్షరమును, ప్రతి అంకెయును గాలిలో పోయి అవతలివానికి చేరును. అందుచేత దీనిని వాడువాడు రెండు ప్రశ్నలు వేసికొనవలసి యున్నది. అవతల నున్నవాడెవడు? నేను వానికేమి చెప్పుచున్నాను? ఈ దినము నేను చెప్పదలచిన దంతయు ఈ రెండు ప్రశ్నలలో ఇమిడియున్నది.

ముందుగా వై-ఫై అన నేమో చూతము. ఎక్కడినుండియో తీగమీద వచ్చిన అంతర్జాలమును ఒక చిన్న పెట్టె గ్రహించి చుట్టునున్న ఫోనులకు గాలిలో పంచిపెట్టును. దీని సత్తువ రేడియో కేంద్రమువలె వందల మైళ్లు పోవునది కాదు. కొన్ని పదుల మీటర్లే. గోడ యడ్డమైనచో ఇంకను తగ్గును. ఈ విద్యకు 1997లో అంతర్జాతీయ ప్రమాణ మేర్పడినది. 1999లో వై-ఫై అను పేరు వచ్చినది. ఇందొక ముఖ్య విషయము కలదు. ఆ పెట్టెను పెట్టువాడు ఎవడైనను కావచ్చును. రైల్వేవారు కావచ్చును, కిరాణా కొట్టువాడు కావచ్చును, మీ ప్రక్క బల్లమీద కూర్చున్న అపరిచితుడు కావచ్చును. తన ఫోనునే అట్టి పెట్టెగా మార్చుటకు నేడు ఎవనికైనను నిమిషము పట్టదు.

ఇక నలుగురికి పనికివచ్చు వై-ఫై ఎక్కడ దొరకును? మొదటిది రైల్వే స్టేషను. రైల్వేశాఖకు చెందిన రైల్‌టెల్ అను ప్రభుత్వ సంస్థ, గూగుల్ సంస్థతో కలిసి 2016 జనవరిలో బొంబాయి సెంట్రల్ స్టేషనులో దీనిని ప్రారంభించెను. 2020లో గూగుల్‌వారు తాము విరమించుచున్నట్లు ప్రకటించినను, రైల్‌టెల్‌వారు పని విడువక వేల స్టేషనులకు దీనిని విస్తరింపజేసిరి. ఫోనులో వై-ఫై తెరచిన యెడల ఆ స్టేషనులలో రైల్‌వైర్ అను పేరు కనబడును. రోజునకు మొదటి అరగంట ఉచితముగను, ఆపై రుసుముమీదను ఇచ్చు పద్ధతిని 2021లో ప్రవేశపెట్టిరి.

రెండవది వాణి పథకము. 2020 డిసెంబరు 9వ తేదీన కేంద్ర మంత్రివర్గము పి.ఎం.-వాణి అను పథకమును ఆమోదించినది. దీని తీరు పెద్దలకు సులభముగ తెలియును. ఒకప్పుడు ఊరూర పసుపుపచ్చ రంగు టెలిఫోను బూతు లుండెడివి గదా! ఇంట ఫోను లేనివారు అచటికి పోయి దూరదేశపు బిడ్డలతో మాటలాడివచ్చెడివారు. ఇదియు నట్టిదే. టీ కొట్టువాడో, మందుల షాపువాడో తన అంగటిలో వై-ఫై పెట్టి, స్వల్ప రుసుమునకు నలుగురికి అందించును. వానికి లైసెన్సు అక్కరలేదు. నమోదు రుసుమును లేదు. వానికి వెనుక నుండి లెక్కలు చూచు సంస్థలు మాత్రము టెలికాం శాఖవద్ద నమోదు కావలెను. వాడుకొనదలచినవారు వాణి యాప్ ఒకదానిలో తమ ఫోను నంబరుతో నమోదైనచో సమీపమున నున్న కేంద్రము లెవ్వియో అందు కనబడును. 2024 నాటికి దేశములో ఇట్టి కేంద్రములు 2 లక్షలు దాటినవి.

ఇవి గాక విమానాశ్రయములందును, కొన్ని గ్రంథాలయములందును, కళాశాలలందును, ఆసుపత్రులందును, బస్టాండులందును ఈ సదుపాయము కలదు. గ్రామ పంచాయతీలకు గాజుతీగను చేర్చుటకై 2011లో కేంద్ర ప్రభుత్వ మామోదించిన పథకమే నేడు భారత్‌నెట్ అను పేర సాగుచున్నది. ఆ తీగ చేరిన చోట్ల పంచాయతీ కార్యాలయమే వై-ఫైకి ఆలవాలము కాగలదు.

పల్లెటూరి వానికి దీనితో పనియేమి యని కొందరనవచ్చును. ఆంధ్రప్రదేశములో మీభూమియందును, తెలంగాణలో భూభారతియందును తన పొలము వివరములు చూచుకొనవలసినవాడు పల్లెటూరివాడు గాక మరెవడు? మనుమరాలి పరీక్షా ఫలితము, పంట ధర, వాన కబురు, దుబాయిలోనో డల్లాసులోనో ఉన్న కుమారుని ముఖము, ఇవన్నియు నేడు ఆ దారిననే వచ్చుచున్నవి. కావున దీనిని వలదనుటకు నేను రాలేదు. బావిలో పడినవా డొకడున్నాడని ఊరివారు బావిని పూడ్చుకొనరు. దానికి వరలు కట్టించుదురు. ఆ వరలను గూర్చియే నా ప్రసంగము.

గత వేసవిలో ఒక పెద్ద స్టేషనులో నా బండి రెండు గంటలు ఆలస్యమైనది. నా ప్రక్కన నా యీడువా డొకాయన, పంచె కట్టు, చేత సంచి, కూర్చుండి యుండెను. ఆయన ఫోను తెరచి, స్టేషనువారి వై-ఫైని నొక్కి, తన నంబరు వ్రాసి, ఆగిపోయెను. కొంతసేపటికి నా వైపు తిరిగి యిట్లడిగెను:

"అయ్యా, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మా మనవరాలు వెయ్యిసార్లు చెప్పింది. ఇదేమో ఓటీపీ వెయ్యమంటోంది. ఇప్పుడేం చెయ్యమంటారు?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఏలయన, నేనును నలుగురికి ఆ మాటయే చెప్పుచుంటిని: ఓటీపీ ఎవరికిని ఇయ్యరాదు. కాని స్టేషను వై-ఫై ఓటీపీ లేనిదే తెరవబడదు. ఎవరు వాడుచున్నారో తెలియుటకై వారు మన ఫోనునకు కొన్ని అంకెలు పంపి, వానిని తిరిగి వ్రాయుమందురు. ఇది న్యాయమైన పద్ధతియే. మరి మన హెచ్చరిక తప్పా? తప్పు గాదు, కొరతబడినది. మనము పెద్దవారికి సగము మాట చెప్పి విడిచితిమి. తక్కిన సగ మిది.

ఓటీపీ తాళపుచెవి వంటిది. తాళపుచెవు లన్నియు ఒకే ఇంటివి కావు. పశువుల కొట్టము చెవి వేరు, ఇనుప పెట్టె చెవి వేరు. మీ చేతిలోని దేది యని తెలిసికొనుటకు ఒక్కటే మార్గము: అంకెలను మాత్రమే చూడక సందేశము నంతటిని చదువుట. వై-ఫైకి వచ్చిన సందేశములో వై-ఫై మాట యుండును. అందు బ్యాంకు పేరుండదు, రూపాయల మాటయుండదు. సందేశములో ఇంత సొమ్ము అని గాని, ఖాతా అని గాని, ఆధార్ అని గాని కనబడినచో, మీ యెదుటి పుట ఏమని చెప్పినను, అది ఇనుప పెట్టె చెవి. దానిని ఆ పుటలో వ్రాయరాదు. రెండవ గురుతు: మీరు మీ అంతట పోయి తట్టిన తలుపువద్ద, మీ వ్రేలితో మీరు వ్రాయునది యొక త్రోవ. ఎవడో ఫోను చేసి నోట చెప్పుమనుట మరియొక త్రోవ. నోట చెప్పుమన్నవాడు ఎంత మర్యాదగా మాటలాడినను, ఏ కార్యాలయము పేరు చెప్పినను, వానికి ఏ ఓటీపీయు చెప్పరాదు. దీనికి మినహాయింపు లేదు.

మేమిద్దరము ఆ సందేశమును మొదటినుండి తుదివరకు చదివితిమి. అది వై-ఫైదే. ఆయన అంకెలు వ్రాసెను, తలుపు తెరచుకొన్నది. కాని అదే సమయమున నా ఫోనులో ఇంచుమించు అదే పేరుతో, ఒక్క అక్షరము మాత్రము తేడాగా, మరియొక వై-ఫై కనబడినది. పరీక్షకై దానిని నొక్కితిని. ఆ పుట నా కార్డు సంఖ్య నడిగెను. ఒక్క రూపాయి మాత్రమే తీసికొందుమని క్రింద వ్రాసియున్నది. నేను దానిని మూసివేసితిని. ఉచితపు అరగంటకు కార్డుతో పనియేమి?

ఇట్టి పేరు మోసమునే మొట్టమొదట తెలిసికొనవలెను. వై-ఫై పేరు బోర్డుమీద వ్రాసిన పేరు వంటిదే, ఎవడైనను వ్రాసికొనవచ్చును. కావున స్టేషను ఉద్యోగినో, అంగడివానినో అడిగి, పేరును అక్షరమక్షరము సరిచూచుకొనవలెను. అడుగుటకు మోమాటము వలదు. తెలియని యూరిలో నీళ్లు త్రాగుటకు ముందు ఏ బావి నీళ్లు మంచివని అడుగమా?

రెండవది గాలిలో పొంచి వినుట. ఈ భయమును గూర్చి ఉన్నదున్నట్లు చెప్పవలెను. 2010లో ఫైర్‌షీప్ అను చిన్న సాధన మొకటి వెలువడి, బహిరంగ వై-ఫైలో ప్రక్కవాని ఖాతాలోనికి దూరుట ఎంత సులభమో లోకమునకు చూపెను. ఆ దెబ్బతో పెద్ద వెబ్‌సైట్లు మేల్కొని, తమకును మనకును మధ్య సాగు మాటలను గుప్తభాషలో పంపుటకు పూనుకొనెను. నేడు బ్యాంకుల సైట్లును, పెద్ద సైట్లన్నియు అట్లే పనిచేయుచున్నవి. కావున బహిరంగ వై-ఫై తాకినంతనే సొమ్మంతయు పోవునను మాట అతిశయోక్తి. అయినను రెండు జాగ్రత్తలు కలవు. ఏదైన పుట తెరచునపుడు ఇది సురక్షితము కాదని ఫోను హెచ్చరించినచో, దానిని త్రోసిపుచ్చి ముందునకు పోరాదు. ఆ పుటను విడువవలెను. మరియు, గుప్తభాష త్రోవను మాత్రమే కాపాడును, గమ్యమును కాదు. దొంగ యింటికి కూడ మంచి తాళము వేయవచ్చును. తాళము చూచి ఇంటివాడు మంచివాడని తలచరాదు. బ్యాంకు పేరు అచ్చముగా పెట్టుకొన్న దొంగసైటు త్రోవయును గుప్తముగనే యుండును.

మూడవది ఉచితమను ఆశ చూపి ఏదో యొక యాప్‌ను ఎక్కించుమనుట. స్టేషను వై-ఫై వాడుటకు యాప్ అక్కరలేదు. వాణి వాడుటకు కావలెను గాని, దానిని ఫోనులోని ప్లే స్టోరునుండి మీరే వెదకి తెచ్చుకొనవలెను; సందేశములో వచ్చిన లంకెను నొక్కి తెచ్చుకొనరాదు. అట్లు వచ్చినది మీ ఫోనుకు వచ్చు సందేశములను చదివి దొంగకు చేరవేయగలదు. అప్పుడు ఓటీపీని మీరు చెప్పనక్కరయే లేదు.

ఇక ఆచరణ. నలుగురి వై-ఫైమీద వార్తలు చదువుడు, పాటలు వినుడు, బిడ్డలతో మాటలాడుడు, ఫలితములు చూచుకొనుడు. సొమ్ము పంపవలసివచ్చినపుడు మాత్రము వై-ఫైని ఆపి మీ సిమ్ములోని డేటాతో పంపుడు. రెండు నిమిషముల పనికి ఆ డేటా కొంచెమే చాలును. వై-ఫై రుసుము కట్టవలసినను అట్లే కట్టుడు. యూపీఐ పిన్ను సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. మీకు సొమ్ము వచ్చుటకు పిన్ను నొక్కుమన్నవాడు దొంగయే. పని ముగిసినంతనే వై-ఫైని ఆపి, ఆ పేరును మరచిపొమ్మని ఫోనులో సూచింపుడు. లేనిచో మరునాడు అదే పేరు పెట్టుకొన్న మరియొక పెట్టె కనబడినపుడు ఫోను మిమ్ము అడుగకయే దానిని కలిసికొనవచ్చును.

ఇంతవరకు జాగ్రత్తలు. ఇక ఆ స్టేషనులో ఆయన నాతో చెప్పిన తక్కిన సంగతి చెప్పి ముగించెదను. మనుమరాలు వెయ్యిసార్లు ఏల చెప్పినదని నేనడిగితిని. ఆయన కొంతసేపు పట్టాలవైపు చూచి చెప్పెను. అంతకు ముందటి యేడు ఎవడో బ్యాంకు మనిషినని ఫోను చేసి, ఖాతా ఆగిపోవునని భయపెట్టి, అంకెలు చెప్పించుకొనెనట. పోయినది ఆ పిల్ల కళాశాల రుసుమునకై ధాన్యమమ్మి దాచిన సొమ్ము.

"పోయిందని అప్పుడే తెలిసిందండీ. కానీ నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో పంచాయితీలు తీర్చేవాణ్ని, నేనే మోసపోయానని ఏ ముఖంతో చెప్పను?"

ఆ నాలుగు రోజులలో ఆయన ఖాతానుండి సొమ్ము మరి రెండుసార్లు పోయినదట. మొదటిది మోసము వలన పోయినది. తక్కినది సిగ్గు వలన పోయినది. ఆ పిల్ల ఆ యేడు చదువు మానవలసివచ్చినది. మరుసటి యేడు చేరినదట. ఆమె తాతగారిని ఒక్క మాటయు అనలేదట. అదియే ఆయనకు మరింత బాధ.

పెద్దలారా, ఈ సిగ్గు మనయందే యెక్కువ. కుర్రవాడు మోసపోయినచో పదిమందికి చెప్పుకొనును. మనమో, నలుగురికి బుద్ధి చెప్పువారము గనుక నోరు మెదపము. దొంగకు కావలసినది ఈ మౌనమే. సొమ్ము వాని చేతినుండి చేతికి మారుచు ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు పరుగిడుచుండును. అది నడిమధ్య నున్నపుడే బ్యాంకులవారు ఆపగలరు. చివరకు చేరి నగదైన తరువాత ఆపుట దుర్లభము. అందులకై కేంద్ర హోంశాఖవారు 1930 అను ఫోను సంఖ్య నేర్పరచిరి. మోసము తెలిసినంతనే, అది యర్ధరాత్రి యైనను, మొదట ఆ సంఖ్యకును, పిదప బ్యాంకునకును తెలుపవలెను. 2017 జులై 6వ తేదీన రిజర్వు బ్యాంకువారు జారీచేసిన ఉత్తర్వులో ఒక మాట కలదు: రహస్య సంఖ్యను ఖాతాదారుడే ఇచ్చి నష్టపోయినను, బ్యాంకునకు తెలిపిన తరువాత జరిగిన నష్టమును బ్యాంకే భరింపవలెను. అనగా ఆయన మొదటి దినముననే నోరు విప్పియున్నచో తరువాతి రెండుసార్లు పోయిన సొమ్ము పోయియుండకపోవును.

కావున నాదొక్క విన్నపము. మీ యూరి పంచాయతీ గోడమీద రెండు పంక్తులు వ్రాయింపుడు. మొదటి పంక్తిలో మీ యూరి వై-ఫై యొక్క సరియైన పేరు, అది యున్నచో. రెండవ పంక్తిలో 1930 అను సంఖ్య. రంగు, కుంచె చాలును. మరియు, ఊరిలో ఎవడైనను మోసపోయి మీయొద్దకు వచ్చినచో, నీకు బుద్ధి లేదా యని మొదట అనకుడు. మొదట ఫోను చేయింపుడు. బుద్ధి తరువాత చెప్పవచ్చును. మీరొక్కసారి గద్దించినచో, ఆ మాట విన్న పదిమందియు రేపు తమకు మోసము జరిగినపుడు దాచుకొందురు.

బండి వచ్చినపుడు ఆయన ఎక్కుచు, మనుమరాలికి ఫోను చేసి, ఓటీపీ వేసితిననియు, ఏమియు కాలేదనియు చెప్పుచుండెను. అవతలినుండి ఆ పిల్ల ఏదో అడిగినట్లున్నది. ఆయన, "మొత్తం చదివే వేశానమ్మా" అనెను.

ఆ మాటయే నేటి నా ప్రసంగమునకు సారము. మొత్తము చదివి వేయుడు. సెలవు.